మోడును తొట్టి చేయుటకు ముందు

(ఒక వ్యవసాయ ప్రదర్శకుడు)

మన సంఘపు గిడ్డంగి ఆవరణములోని చింతమోడును యంత్రముతో పెల్లగించి ఆ స్థలమును చదును చేయవలెనని గత నెల కార్యవర్గ సమావేశమున ఒక ప్రతిపాదన వచ్చినది. పెల్లగింపనేల, నడుమ తొలచి మట్టి పోసి పూలమొక్కలు నాటినచో ఆవరణమునకు శోభగా నుండునని మఱియొక సభ్యుడు సూచించినాడు. ఉభయ పక్షములవారును నా యభిప్రాయము నడిగిరి. అప్పటికప్పుడు సమాధానము చెప్పజాలక, పత్రికకు వ్రాసి పంపెదనని చెప్పి వచ్చితిని. ఆ వ్రాత ఇదియే. అయితే చింతమోడు కడకు పోవుటకు ముందు పాఠకులను ఒకపరి హైదరాబాదులోని తార్నాకకు తీసికొనిపోవలసి యున్నది. ఏలయన ఈ విషయమున నాకు కలిగిన నిశ్చయము అచ్చట రెండు మోడుల నడుమ నిలుచుండి కలిగినది.

తార్నాకలో మా మేనత్తగారి యిల్లు కలదు. తార్ అనగా తీగ, నాకా అనగా కావలి ఠాణా. నిజాము కాలమున అచ్చట ఒక ప్రభువుయొక్క పండ్లతోట యుండెడిదనియు, దానికి ముండ్లతీగ కంచె కట్టి కావలి నుంచుటచే ఆ పేరు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. నేడు తోట లేదు. 2017 నుండి మెట్రో రైలు పైనుండి పోవుచున్నది. క్రింద బండ్ల రద్దీకి అంతు లేదు. తీగలు మాత్రము మిగిలినవి. ఆనాటి తీగ చెట్లను కాచినది. నేటి విద్యుత్తు తీగ చెట్లను నఱికించుచున్నది.

గత వైశాఖమాసమున మేనత్తగారికి ఒడలిలో స్వస్థత లేదని తెలిసి చూడబోయితిని. నేను చేరుటకు రెండు దినముల ముందు సాయంకాలము పెనుగాలితో వాన కురిసినదట. హైదరాబాదునకు ఇట్టి గాలివానలు క్రొత్త గావు. పగలు 40 డిగ్రీలు దాటిన యెండ, సాయంకాలమునకు మబ్బు, పిమ్మట అరగంట గాలి. ఆ అరగంటలోనే యేండ్ల తరబడి పెరిగిన చెట్లు కూలిపోవును. మఱునాటి యుదయమున ఇంటికి సమీపముననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములో నడచుటకు పోయితిని. ఆ విద్యాలయము 1918లో స్థాపితమైనది. ఆర్ట్సు కాలేజీ రాతిభవనము 1939లో ప్రారంభమైనది. ఆ భవనమును చూచుటకు దూరప్రాంతములనుండి జనులు వత్తురు. నేను దాని ముందు క్షణమైన నిలువక చెట్ల మొదళ్లను చూచుచు పోయితిని. నా వృత్తి యట్టిది.

బండరాళ్ల గుట్టలు, వాని సందులలో సీతాఫలపు పొదలు, వేపలు, కానుగలు, బాటల వెంబడి ఎఱ్ఱతురాయిలు, పచ్చతురాయిలు, నిద్రగన్నేరులు. ఆనాడు నేను నడచినంత మేర పడియున్న వానిలో ఎఱ్ఱతురాయిలే హెచ్చుగా కనబడినవి. ఎఱ్ఱతురాయి మన దేశపు చెట్టు గాదు. మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. పూలు కన్నులపండువుగా నుండును గాని వేళ్లు లోతునకు పోవు, కొయ్య పెళుసు. దానికి తోడు పట్టణములో మనము చెట్టు మొదలు వఱకు సిమెంటు పోయుదుము, గొట్టముల కొఱకు కందకము త్రవ్వి ఒక ప్రక్క వేళ్లనెల్ల తెగగొట్టుదుము. పిమ్మట గాలి పడవేసినదని గాలిని నిందింతుము.

ఒక బాట మలుపున నాకొక పాత మోడు కనబడినది. ఎన్నడో కోసినది. నడిమి చేవ మెత్తబడి తొఱ్ఱయై, ఆ తొఱ్ఱలో రాలిన ఆకు కుళ్లి నల్లని మట్టియై, అందులో ఒక రావిమొక్క, దాని ప్రక్కన పేరు తెలియని గడ్డి మొలచియున్నవి. పైన నిద్రగన్నేరు నీడ. ఎవ్వరును తొలచలేదు, మట్టి పోయలేదు, నీరు పోయలేదు. పక్షి విత్తనమును తెచ్చెను, వాన తడిపెను. నేను చాలసేపు దానిని చూచుచు నిలుచుంటిని. మోడును తొట్టి చేయుట యను ఆలోచన మనుష్యునిది గాదు, అడవిదే. అమెరికా వాయవ్య తీరపు తడి యడవులలో పడిన మ్రాకుల మీదనే క్రొత్త మొక్కలు వరుసగా మొలచి మహావృక్షములగునని మేము చదివియుంటిమి. ఆ మ్రాకును వారు దాదిమ్రాకని పిలుతురు.

ఇంటికి వచ్చునప్పటికి మా బావ (మేనత్తగారి కుమారుడు) వడ్రంగిని పిలిపించి యుండెను. వారి యింటి తూర్పు ప్రక్కన ఒక ఎఱ్ఱతురాయి మోడు, వీధివైపున ఒక వేపమోడు. తురాయి నిరుటి గాలివానకు మూడడుగుల యెత్తున విరిగినది. వేపచెట్టు గత మాఘమున తీగలకు తగులుచున్నదని నఱకబడినది. రెంటిని తొలిపించి రెండు తొట్లు చేయింపవలెనని మా బావ సంకల్పము. ఎవరో పంపిన చిత్రములను కూడ నాకు చూపెను. చిత్రములు బాగుగనే యున్నవి. నేను తురాయి మోడును చూచి సరేయంటిని. వేపమోడు కడకు పోయి చూడగా బెరడు నెఱ్ఱెలనుండి రాగిరంగు చిగుళ్లు గుత్తులు గుత్తులుగా వచ్చుచున్నవి. వడ్రంగి వానిని చేతితో దులిపివేయబోవుచుండగా ఆపితిని.

మా బావకు ఇది నచ్చలేదు. ఈ చిగుళ్లు ఎప్పుడు పెరుగును, ఎప్పుడు నీడ నిచ్చును, తొట్టియైనచో ఈ నెలలోనే కంటికింపుగా నుండును గదా యని యతని వాదము. మంచముమీద నున్న మేనత్తగారు లోపలినుండి, "ఏం బిడ్డా, గది మళ్ల బతుకుతదా?" అని నన్ను అడిగిరి. "బతుకుతది అత్తయ్యా, ముట్టకుంటె చాలు" అని నేనంటిని. ఆమె మరల మాటాడలేదు. మా బావయును మాటాడలేదు.

నేను అంత నిశ్చయముగా చెప్పుటకు కారణము నా పాండిత్యము గాదు, నా తప్పు. పదునైదేండ్ల క్రిందట, ఉద్యోగమున క్రొత్తగా చేరిన కాలమున, ఒక ప్రదర్శన క్షేత్రమున గట్టుమీద కానుగమోడు ఒకటి యుండెను. పై యధికారులు వచ్చుచున్నారని, క్షేత్రము చూడ సొంపుగా నుండవలెనని, ఆ మోడును నడుమ తొలిపించి బంతిమొక్కలు పెట్టించితిని. మోడు చుట్టును చిగుళ్లు వచ్చి తొట్టి అందమును చెఱచుచున్నవని వారమున కొకసారి కత్తితో గొఱిగించితిని. ఫాల్గునమున చేసినది, చైత్రమునకు బంతి మాడిపోయినది, జ్యేష్ఠమునకు కానుగయు ఎండినది. కలుపుతీయుటకు వచ్చిన ఒక పెద్దమ్మ దానిని చూచి, "ఏందయ్యా సారూ, పాణమున్నదానికి గొయ్యి తవ్వినవు?" అనెను. నేను చిన్ననాట మిషను పాఠశాలలో చదువుకొంటిని. నఱకబడిన చెట్టు నీటి వాసన తగిలి మరల చిగుర్చుటను గూర్చి యోబు గ్రంథమున కలదని నాచేత వల్లెవేయించిన ఉపాధ్యాయుడు ఆనాడు నాకు జ్ఞప్తికి వచ్చెను. వల్లించినది ఒకటి, నేను చేసినది మఱియొకటి.

ఆ కానుగ ఎందులకు చచ్చెనో తెలిసికొనుట అవసరము. నడిమి చేవ తొలచినంత మాత్రమున చెట్టు చావదు. చేవ చచ్చిన కొయ్య. చెట్టును నిలువబెట్టుటయే దాని పని. ప్రాణమంతయు బెరడునకును కొయ్యకును నడుమనుండు పలుచని పొరలో నున్నది. తొఱ్ఱపడిన చింతలు నూరేండ్లు కాచుచుండుట మనమెఱుగనిది గాదు. చెట్టును చంపినది నేను చిగుళ్లను గొఱుగుట. ఆకు లేనిదే వేరునకు ఆహారము లేదు. వేళ్లలో నిలువయున్న పిండిపదార్థము ప్రతి క్రొత్త చిగురునకును కొంత వ్యయమగును, చిగురు ఆకై ఆ ఋణమును తీర్చకముందే దానిని కోసినచో నిలువ అడుగంటును. దానికి తోడు తొట్టికి దినదినము పోసిన నీరు పోవు దారి లేక మోడును కుళ్లజేసెను. అప్పు తీర్చు శక్తి గల రైతును పంట చేతికి రాకముందే జప్తు చేసినట్లు చేసితిని. సహకార సంఘపు పత్రిక గనుక ఈ పోలిక పాఠకులకు సుబోధముగా నుండును.

కావున నా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదను. చచ్చిన మోడు తొట్టి కావలెను. బ్రతికిన మోడు చెట్టు కావలెను. ఈ రెంటిని కలగాపులగము చేయుటయే నేడు పట్టణములలోను పల్లెలలోను జరుగుచున్న పొరపాటు. పెల్లగించువారు రెంటిని పెల్లగింతురు. అలంకరించువారు రెంటిని అలంకరింతురు. కొందఱు మోడు మీద ఉప్పు కుమ్మరింతురు, కిరసనాయిలు పోసి నిప్పంటింతురు. ఉప్పు మోడుతో కూడ చుట్టుప్రక్కల నేలను చెఱచును. అట్టివారితో నాకు వాదము లేదు, విచారము మాత్రమే.

మోడు బ్రతికినదో లేదో తెలియుట కష్టము గాదు. చాకు మొనతో బెరడును నాలుగు దిక్కుల, నేలకు జానెడెత్తున, గోరంత మేర గీచి చూడవలెను. లోపల పచ్చగా తడిగా నుండినచో ప్రాణమున్నది. గోధుమవన్నెగా పొడిగా నుండి బెరడు పెచ్చులుగా ఊడి వచ్చినచో ఆ ప్రక్క చచ్చినది. ఒక ప్రక్క చచ్చి మఱియొక ప్రక్క బ్రతికియుండుట తఱచు, కాన ఒక్కచోట చూచి తీర్పు చెప్పరాదు. సందేహమైనచో ఒక వర్షాకాలము ఆగవలెను. తొందర యేమి? మోడు ఎచ్చటికిని పోదు. వేప, చింత, కానుగ, నేరేడు, టేకు, మఱ్ఱి, రావి, నీలగిరి నఱికినను మొదటినుండి చిగుర్చు జాతులు. తాడి, ఈత, కొబ్బరి అట్లు గావు. వాని ప్రాణమంతయు తలలోని మొవ్వులో నుండును గనుక తల తీసిన పిమ్మట మరల చిగురు రాదు. సరుగుడు సాధారణముగా చిగుర్పదు.

తార్నాకలోని ఎఱ్ఱతురాయి మోడు ఈ పరీక్షలో చచ్చినదని తేలినది. ఒక వర్షాకాలమంతయు గడచినను చిగురు లేదు, బెరడు చేతికి ఊడివచ్చెను. మొదట చెక్కవలె గట్టిగానుండు గొడుగులేవైన నున్నవేమో యని కూడ చూచితిని, లేవు. ఉండినచో తొట్టి మాట విడిచి వేళ్లతో సహా తీయించియుందును. అవి గానోడెర్మా యను శిలీంధ్రపు గొడుగులు. కొబ్బరితోటలున్నవారికి ఆ తెగులును గూర్చి చెప్పనక్కఱలేదు; అది మోడులో కాపురముండి వేళ్ల వెంబడి ప్రక్క చెట్టునకు పాకును.

మోడును తొలచుట మన వారికి క్రొత్త విద్య గాదు. కొల్లేటిలో తాటిమ్రాను తొలిచిన దోనెల మీద జనులు తిరిగెడివారు. ఏతపు నీరు పాఱుటకు తాటిదోనె, వడ్లు దంచుటకు కొయ్యరోలు, నూనెకు గానుగ, పశువుల కుడితికి మ్రానితొట్టి, ఇవన్నియు ఆ పనియే. వడ్రంగికి నేను చెప్పినవి రెండే మాటలు: గోడ రెండున్నర అంగుళములకు తక్కువ కారాదు, నీరు పోవు దారి ముందు, పూలు తరువాత. మోడు అడ్డుకొలత రెండడుగులు. నడుమ పందొమ్మిది అంగుళముల వెడల్పున, పది అంగుళముల లోతున ఉలితోను బాడిసతోను తొలిచెను. తురాయి కొయ్య మెత్తన గనుక ఒక్క పూటలో ముగిసినది. చింతయైనచో మూడు దినములు పట్టును, ఉలి మొన లెన్ని పోవునో చెప్పలేము. అడుగునుండి వెలుపలికి వాలుగా బరమాతో నాలుగు దిక్కుల నాలుగు రంధ్రములు వేసి, లోపలివైపున పెంకుముక్కలు కప్పించితిని.

ఈ రంధ్రములను గూర్చి కొంత హెచ్చుగా చెప్పవలసి యున్నది. చెట్టుతొఱ్ఱలలో నిలిచిన నీరు డెంగీజ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమకు ప్రసూతిగృహము. తార్నాకకు కొన్ని మైళ్ల దూరమున, సికింద్రాబాదు బేగంపేటలో, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసుగారు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనిరి. అట్టి ప్రాంతమున ఇంటి ముందు దోమలకు తొట్టి కట్టుట సిగ్గుపడవలసిన పని. రంధ్రము మూసికొనిపోయినదా యని పదునైదు దినముల కొకసారి పుల్లతో పొడిచి చూచు ఓపిక లేనివారు మోడును తొలువవద్దు.

మట్టి విషయమున చాలమంది చేయు పొరపాటు తొలిచిన పొట్టునే ఎరువుగా భావించి తిరిగి తొట్టిలో పోయుట. పచ్చి రంపపుపొట్టులో కర్బనము నత్రజనికి కొన్ని వందల రెట్లుండును. దానిని కుళ్లజేయు సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టినుండి లాగికొనును. మొక్కకు మిగులదు, ఆకు పసుపుబారును. తొట్టి గోడలును కొయ్యయే గనుక అంచుల వెంబడి ఈ దోపిడి కొంత ఎట్లును జరుగును. అందుచేత ఎఱ్ఱమట్టి రెండు పాళ్లు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఆకుమట్టి ఒక పాలు, పైన రెండు పిడికిళ్ల వేపపిండి కలిపించితిని. ఆముదపుపిండియు నత్రజని గలదే కాని వీధి కుక్కలు, పశువులు దానిని తిని చచ్చుట కలదు. ఇండ్ల ముందు దానిని వాడరాదు. వేపపిండి చెదలను కొంతవఱకు దూరముగా నుంచును.

చెదలు వచ్చునను భయము నిష్కారణమైనది గాదు. చచ్చిన కొయ్యయున్నచోట చెద వచ్చి తీరును. కాన ఇంటి గోడకు, ద్వారబంధములకు పదియడుగుల లోపల నుండు మోడును తొట్టి చేయుమని నేను ఎవ్వరికిని చెప్పను. మహబూబునగరము సమీపమున ఏడువందల యేండ్ల వయస్సు గలదని చెప్పబడు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టి 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలిపోగా, 2018లో క్లోరోపైరిఫాసు మందును నీటిలో కలిపి, ఆసుపత్రులలో రోగికి ఎక్కించునట్లు సీసాలనుండి చుక్కచుక్కగా మ్రానులోనికి ఎక్కించిరి. బ్రతికియున్న మహావృక్షమునకు చేసిన చికిత్స అది. ఆ మందునే తెచ్చి, వంటకు కోసికొను ఆకులున్న తొట్టిలో పోయువారు కలరు, అట్లు చేయకూడదు.

ఇక నాటవలసిన మొక్కలు. మోడు తొట్ల వేడుక ఇంగ్లాండున 1856లో స్టాఫర్డుషైరులోని బిడ్డల్ఫ్ గ్రేంజి తోటలో మొదలైనదని చెప్పుదురు. పెల్లగించిన మోడులను తలక్రిందుగా పేర్చి, వాని సందులలో నీడనోర్చు ఫెర్నులను పెంచిరట. అది చలి, తేమ గల దేశము. మన మే నెల యెండలో, నీడ లేనిచోట, ఎండిన కొయ్యతొట్టి పొయ్యియగును. నా బంతిమొక్కలు అందుకు సాక్షి. చెట్టు పోవుటతో దాని నీడయు పోయినదను మాట తొట్టి చేయువారు మఱచుచున్నారు. మా మేనత్తగారి తురాయి ఇంటికి తూర్పున నుండుటచే ఉదయపుటెండ మాత్రము తగిలి, మధ్యాహ్నమునుండి ఇంటి నీడ పడును. అందుచేత నేను ఒప్పుకొంటిని. తొలకరి పడగానే నడుమ నిజామాబాదు పసుపు కొమ్ములు నాలుగు, చుట్టును వాము ఆకు, వీధివైపు అంచున మా బావ కోరిక ప్రకారము వ్రేలాడు మనీప్లాంటు తీగ నాటించితిని. పసుపును అల్లమును కొబ్బరితోటలలో చెట్ల నడుమ పండించుట యెఱిగినవారికి ఇవి కొంత నీడనోర్చునని వేఱుగా చెప్పనేల? ఇట్టి తొట్టి యెంతకాలముండునని అడిగిన, మెత్తని కొయ్య నాలుగైదు వర్షాకాలములకు మించి నిలువదని నా యంచనా. నిలువనక్కఱయును లేదు. అది శిథిలమై మట్టియగులోపల ప్రక్కన ఐదారడుగుల దూరమున నాటిన మొక్క ఎదుగును. అచ్చట ఒక కరివేపమొక్కను నాటించి వచ్చితిని.

వేపమోడు సంగతి. ఇరువదికి పైగా వచ్చిన చిగుళ్లలో నేలకు దగ్గరగా, బలముగా నున్నవి మూడు విడిచి తక్కినవి తీయించితిని. కోసిన కొసన పైయంచున వచ్చు చిగుళ్లు ఎంత ఏపుగా నున్నను మ్రానుతో గట్టిగా అతుకుకొనవు, పెద్దవైన పిమ్మట గాలికి చీలిపోవును. మూడింటిలో రెండు ఇంటివైపువి, ఒకటి వీధివైపుది. వీధివైపు దానిని వచ్చే యేడు తీసివేయవలెను. లేనిచో అది మరల తీగలను తాకును, గొడ్డలి మరల వచ్చును. శ్రావణమున నేను పోయినప్పుడు అవి మా మేనత్తగారి భుజమెత్తున నుండెను. ఆమె కఱ్ఱపట్టుకొని వచ్చి వాని ప్రక్కన నిలుచుండి తానే కొలిచి చూపిరి. మా బావ మాత్రము తొట్టినే ముందుగా చూపెను. పసుపు ఆకులు బాగుగనే వచ్చినవని నేనును మెచ్చుకొంటిని.

మన రైతులకు ఇందలి ప్రయోజనమేమియని అడుగువారుందురు. పొలపు గట్లమీద మోడులెన్నియో కలవు. ట్రాక్టరు మలుపునకు అడ్డమని, పైరుకు నీడయని నఱికినవే అవి. వానిని పెల్లగించుటకు గంట లెక్కన యంత్రమునకు కూలి యిచ్చుచున్నాము. గట్టు తెగి మొదటి వానకే మట్టి కొట్టుకొనిపోవుచున్నది. ఆ వేళ్లే ఇంతకాలము గట్టును పట్టియుంచినవని అప్పుడు గాని తెలియదు. చెట్టును నఱకుటకు 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము అనుమతి పొందవలెనని అందఱును ఎఱుగుదురు గాని, మోడు గతియేమని ఎవ్వరును ఆలోచింపరు. నఱకునాడే ఆలోచింపవలెను. మరల చిగుర్పవలెనన్న, నేలకు సమీపమున వాలుగా, నీరు నిలువకుండ, బెరడు చీలకుండ రంపముతో కోయవలెను. తొట్టి కావలెనన్న రెండు మూడడుగులు విడువవలెను. గొడ్డలితో ఎటుబడిన అటు నఱికిన మోడు రెంటికిని చెడును.

ఇప్పుడు మన చింతమోడు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరదలో, అఫ్జల్‌గంజున నేడు ఉస్మానియా ఆసుపత్రి యున్న ఆవరణములోని చింతచెట్టు మీదికెక్కి నూటయేబదిమంది వఱకు ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు నేటికిని కలదు. మన చింత అంతటిది గాదు. కాని విత్తనమునుండి పెంచిన చింత కాపునకు వచ్చుటకు ఎనిమిది పది యేండ్లు పట్టునని, పాత వేళ్లున్న మోడు చిగురు దానికంటె ఎంతో వేగముగా పెరుగునని కార్యవర్గమువారికి మనవి చేయుచున్నాను. కాటా దినములలో బండ్లతో వచ్చువారు ఎండలో నిలుచుండుటను మనమందఱము చూచుచున్నాము. చెట్టున్నప్పుడు వారు దాని క్రిందనే నిలుచుండెడివారు.

అది చచ్చినది, నిరుటినుండి ఒక్క చిగురైన రాలేదు అని సమావేశమున ఒకరు చెప్పిరి. నేను పోయిన వారము చాకు తీసికొనిపోయి గీచి చూచితిని. దక్షిణపు ప్రక్క ఎండినది నిజమే. ఉత్తరపు ప్రక్క, తూర్పు ప్రక్క నేలకు జానెడెత్తున పచ్చగా నున్నది. చిగురు రాకపోలేదు, వచ్చిన చిగురును మేకలు మేయుచున్నవి. బెరడు మీద కొఱికిన మొడిమలు పదునాలుగు లెక్కపెట్టితిని. ఇదియు నా కానుగ కథయే, కత్తికి మాఱుగా మేకలు.

పూలు కోరిన సభ్యుని ఆశకు నేను విరోధిని గాను. గవిని ప్రక్కన, వేపచెట్టు నీడలో రెండు తాటిమోడులు కలవు. అవి ఎన్నటికిని చిగుర్పవు. లోపలి బెండు మెత్తన, వెలుపలి చేవ గట్టిది, తొట్టికి వానిని మించిన కొయ్య దొరకదు. వానిని తొలిపించుటకు అయ్యెడి ఒక దినపు వడ్రంగి కూలిని నేనే యిచ్చుకొందును. మొక్కలు సంఘమువారు తేవలెను.

చింతమోడునకు కావలసినది మేకలు చొరకుండ చుట్టును కంప మాత్రమే. మా ప్రదర్శన క్షేత్రపు గట్టున తుమ్మకంప కొట్టి సిద్ధముగా నున్నది, ఒక బండెడు చాలును. బండి గలవారు ఎవరైన ఒక యుదయము వచ్చినచో నేను కూడ వచ్చి నాటెదను. యంత్రమువానికి దసరా వెళ్లిన సోమవారము రమ్మని కబురు పోయినదని విన్నాను. ఆ లోపల సభ్యులు గిడ్డంగికి వచ్చినప్పుడు చాకు తెచ్చుకొని, ఉత్తరపు ప్రక్కన గీచి చూడవలెనని కోరుచున్నాను.